అటక మీది దూడ

కిందటి వారం కథలో వేదవతిని అమలాపురం బస్టాండు ఎదుట ఉన్న ఎస్టీడీ బూత్ దగ్గర వదిలాం. లోపల ఒకాయన మస్కట్‌లో ఉన్న తమ్ముడితో మాట్లాడుతున్నాడు. ఆమె బయట నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

వేదవతి హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పశువుల జన్యువుల మీద పనిచేస్తుంది. ఐనవిల్లికి అవతల, గోదావరి పాయ ఒడ్డున సూర్యనారాయణమూర్తి ఘనపాఠి ఇంట్లో తొమ్మిది ఆవులున్నాయని, అవి ఒంగోలు జాతీ కాదు, పుంగనూరు జాతీ కాదని విని 2004 ఫిబ్రవరిలో ఆ ఊరు వచ్చింది. ఘనపాఠి చెప్పిన ప్రకారం ఆయన పూర్వులు నర్మద ఒడ్డు నుంచి ఆవుల్ని తోలుకుంటూ నడిచి వచ్చారు. అప్పటినుంచి ఆ ఇంట పుట్టిన పెయ్య గడప దాటలేదు, బయటి ఆంబోతు గడప తొక్కలేదు. కోడెదూడల్లో ఒకదాన్ని ఇంటి ఆంబోతుగా ఉంచుకుని, మిగతావాటిని అడిగినవాళ్లకి ఇచ్చేవారు. ఇప్పుడున్న తొమ్మిదిటిలో ఇక మీదట ఈనగలిగింది కపిల ఒక్కతే, మిగతావాటికి వయసు మీరింది. కపిల తరవాత ఆ పాకలో ఒక్క పెయ్య కూడా బతకలేదు. కపిల నిండు చూడితో ఉంది.

పాక అటక మీద ఒక దూడ ఉంది. దూడ అంటే తోలు. లోపల వరిగడ్డి కూరి, కళ్ల చోట గచ్చకాయలు పెట్టి కుట్టారు. దూడ చచ్చిపోతే ఆవు పాలు చేపదు కాబట్టి, తోలుని అలా నిలబెట్టి దాని ముందు పెట్టడం ఒకప్పుడు చాలా ఊళ్లలో ఉండేది. ఈ దూడ తన తాతగారి కాలం నాటిదని, ఎనభై ఏళ్లుగా దాన్ని ఎవరూ కిందికి దించలేదని ఘనపాఠి చెప్పాడు. ఒక ఉదయం వేదవతి నిచ్చెన ఎక్కి దాని గిట్ట అడుగు నుంచి చిన్న ముక్క తీసుకుంది. పాత వరసనీ ఇప్పటి వరసనీ పోల్చి చూస్తే ఘనపాఠి మాట రుజువవుతుందని ఆమె ఆశ. ముక్క తీస్తున్నప్పుడు ఆమె చెయ్యి దూడ మెడకి తగిలింది. మెడ తడిగా ఉంది.

*

మస్కట్ వాళ్ల అన్నగారు బయటికి వచ్చాడు. వేదవతి లోపలికి వెళ్లి తలుపు వేసుకుని నంబరు కలిపింది. ప్రయోగశాలలో ఆమెతోపాటు పనిచేసే రత్నమాల ఫోనెత్తింది.

రత్నమాల ముందు మంచి కబురు చెప్పింది. ఇప్పటిదాకా తేలినంతలో మూపురం ఉన్న ఆవులకి పెద్ద తల్లి వరసలు రెండు. సింధు నది పరిసరాల్లో మనిషి వాటిని మొదట కట్టేసుకున్నాడు. మనుషులు కదిలినప్పుడల్లా అవీ కదిలి దక్షిణానికి వచ్చాయి. ఒంగోలు పశువులు ఓడెక్కి బ్రెజిల్ దాకా వెళ్లాయి. ప్రతి మందా వెళ్లిన దారిలో ఎక్కడో ఒకచోట చిన్న మార్పు పడుతుంది, తల్లి నుంచి కూతురికి అది అలాగే వస్తుంది. ఘనపాఠి ఆవులు తొమ్మిదిటిలోనూ ఒకే మార్పు ఉంది. అది ఒంగోలు నమూనాల్లో లేదు, పుంగనూరు నమూనాల్లో లేదు. నర్మద దగ్గర తీసిన నమూనాల్లో రెండిట్లో ఉంది.

అంటే ఆయన చెప్పింది నిజమే కదా అంది వేదవతి. నిజమే అంది రత్నమాల.  బూత్‌లో మీటరు మీద ఎర్ర అంకెలు కదులుతున్నాయి.

"వేదా, గొట్టాలేమైనా తారుమారయ్యాయా?"

"లేదే. ఎందుకు?"

"నువ్వు పంపిన గిట్ట ముక్క ఉంది చూడు. అది నాలుగో నంబరు ఆవుకి పుట్టింది. తండ్రి పదో నంబరు, మీ ఆంబోతు. నేను మూడుసార్లు చేశాను."

నాలుగో నంబరు కపిల. కపిల పుట్టింది 1997లో.

రత్నమాల ఇంకొకటి కూడా చెప్పింది. ఆ దూడకి తల్లి నుంచి వచ్చిన సగమూ తండ్రి నుంచి వచ్చిన సగమూ చాలా చోట్ల ఒకటే. కపిల, ఆంబోతు ఒక కడుపున పుట్టినవై ఉండాలి. వాటి తల్లిదండ్రులు కూడా అంతే దగ్గరివై ఉండాలి. అలాంటి జంటకి పుట్టిన దూడలు సాధారణంగా నిలవవు.

వేదవతి గుర్తు చేసుకుంది. గిట్ట ముక్క తీసేనాటికి ఆమె ఇంకా ఏ ఆవునీ ముట్టుకోలేదు. ముక్కని గొట్టంలో వేసి, మూత బిగించి, పేరు రాసి, అప్పుడు నిచ్చెన దిగింది. తారుమారు కావడానికి అక్కడ రెండో గొట్టం లేదు.

*

బస్సు దిగి కాలవ గట్టు మీద నడుస్తుంటే ముత్యాలు కనిపించాడు. ఘనపాఠి ఇంట పశువుల్ని చూసేది అతనే. గడ్డిమోపు దించి తలపాగాతో మొహం తుడుచుకున్నాడు.

"రిజల్టు వచ్చేసిందాండీ డాక్టరమ్మగారూ? మా ఊళ్లో మనుషులకే ఎవరి పోలికొచ్చిందో తేలక కొట్టుకుంటారండి. ఆవులకి తేల్చేసేరంటే గొప్పేనండి."

ఆమె నవ్వి, కపిల సంగతి అడిగింది. మధ్యాహ్నం నుంచి కుడితి ముట్టలేదని, ఇవాళో రేపో ఈనుతుందని చెప్పాడు. ఇంతకు ముందు ఈనిందా అని అడిగింది.

"ఆయ్. రెండేళ్ల కిందటండి. కోడెదూడ. నెల తిరక్కుండానే ఘనపాఠిగారు వేన్ మాట్లాడి అంతర్వేది తీసుకెళ్లిపోయేరండి. స్వామికి మొక్కుకున్నారట."

"నువ్వు వెళ్లలేదా?"

"వస్తానన్నానండి. వద్దన్నారు. దూడని ఒళ్లో పెట్టుకుని ఆయనే కూర్చున్నారండి."

మరి గౌరి దూడ ఏమైందని అడిగింది. ఇప్పుడు పాలిస్తున్నది గౌరి ఒక్కతే. వానాకాలంలో దాని కోడెదూడని నగరం అనే ఊళ్లో ఎవరికో ఇచ్చారని శేషమ్మగారు చెప్పారన్నాడు. తను చూడలేదు. ఆ వారం అతను జ్వరంతో పడుకున్నాడు.

ముత్యాలు గడ్డిమోపు ఎత్తుకుని పాక దాకా వచ్చి బయటే ఆగిపోయాడు. లోపల పాలు పితుకుతున్నారు. పితికేటప్పుడు పాక తలుపు వేసి ఉంటుంది, ఎవరూ వెళ్లరు. ఘనపాఠి కూడా వెళ్లడు. ఆ వేళకి ఆయన ఏటి ఒడ్డున సంధ్య వార్చుకుంటూ ఉంటాడు. దూడ లేని ఆవు పాలు దేవుడికి పనికిరావన్నది ఆ ఇంటి నియమం. ఆ నియమం చూసుకునే బాధ్యత ఆయన చెల్లెలు శేషమ్మది. ఆమెకి డెబ్బై దాటాయి. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. తడిమి పితుకుతుంది.

వేదవతి తలుపు తోసి లోపలికి వెళ్లింది.

పాకలో చప్పుడు లేదు. పశువుల పాకలో ఎప్పుడూ నెమరు చప్పుడు ఉంటుంది, తోక చప్పుడు ఉంటుంది. అక్కడ మిగతా ఎనిమిది ఆవులూ తలలు ఒకే వైపు తిప్పి నిలబడ్డాయి. అవి చూస్తున్నది గౌరి వైపు. గౌరి ముందు అటక మీది దూడ నిలబడి ఉంది.

గౌరి దాని మెడ నాకుతోంది. నాకిన చోట వెంట్రుక లేదు. శేషమ్మ పీట మీద కూర్చుని, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని పితుకుతోంది. పాలధార చెంబులో పడుతోంది. దూడ గచ్చకాయ కళ్లు తలుపు వైపు ఉన్నాయి.

"తలుపు వేసెయ్యమ్మా," అంది శేషమ్మ, తల తిప్పకుండా.

వేదవతి తలుపు వేసింది.

"నేనని ఎలా తెలిసిందండీ మామ్మగారూ?"

"ముత్యాలు రాడు. అన్నయ్య రాడు. ఇంకెవరొస్తారు."

గౌరి దూడ నిజంగా నగరంలో ఉందా అని వేదవతి అడిగింది. శేషమ్మ పితకడం ఆపలేదు. పుట్టిన మూడో నాడే పోయిందని చెప్పింది. కొబ్బరితోటలో గొయ్యి తీయించింది. అన్నయ్యతో నగరం పంపేనని చెప్పింది. ఎక్కడో ఒకచోట దూడ బతికి ఉంటే పాలు పనికొస్తాయి. చచ్చిపోయిందని తెలిస్తే ఆయన ఆ పాలు ముట్టడు. అభిషేకం ఆగిపోతుంది. ఆయన జన్మలో అభిషేకం ఆగిన రోజు లేదు.

"ఈ దూడని ఎన్నాళ్లనుంచి దింపుతున్నారండీ?"

"తుఫాను ఏడాది నుంచి."

1996 నవంబరులో వచ్చిన తుఫాను గురించి ఆ ప్రాంతంలో ఎవరూ విడమరచి చెప్పరు. శేషమ్మ కూడా కొద్దిగానే చెప్పింది. పాక కప్పు లేచిపోయింది. అటక మీద తాతగారి నాటి దూడ నానిపోయింది, చేత్తో పట్టుకుంటే తోలు ఊడి వచ్చేసింది. ఆ రాత్రే కపిల తల్లి దగ్గరున్న పెయ్య గోడ కింద పడి చచ్చిపోయింది. అన్నయ్య వారం పాటు జ్వరంతో లేవలేదు. లేచి పాకలోకి వచ్చేసరికి అటక మీద దూడ ఉంది. ఆయన దానికి దణ్ణం పెట్టుకున్నాడు.

"అంటే తోలు మార్చేశారు."

"తోలు మారింది. దూడ అదే."

"అదెలాగండీ?"

శేషమ్మ చెంబు పక్కన పెట్టింది. పొదుగు మీద చెయ్యి అలాగే ఉంచింది.

"మా ఇంట కపిల ఎప్పుడూ ఉంటుంది. ఒక కపిల పోతే ఇంకో కపిల. మా అమ్మ పితికింది కపిలనే, నేను పితుకుతున్నదీ కపిలనే. నువ్వు వచ్చిన రోజు అన్నయ్యతో అదే కదమ్మా అన్నావు. ఆవు మారినా వరస అదేనన్నావు. దూడకి మాత్రం వేరే లెక్కా?"

 తోలు మళ్లీ ఎప్పుడు మార్చారని వేదవతి అడిగింది.

"మళ్లీ ఎందుకు మారుస్తాను? ఒక్కసారే. గడ్డి మార్చేదాన్ని. ఈ నాలుగైదేళ్లుగా కళ్లు కనపడక అదీ మానేసేను."

"దేంతో కుట్టారు?"

"పురికొసతో. గోనెలు కుట్టేది."

వేదవతి గౌరి మెడ కింద నుంచి చెయ్యి పోనిచ్చి దూడని తన వైపు తిప్పింది. ఆవు వదల్లేదు, రెండడుగులు ముందుకి వచ్చింది. పొట్ట కింద కుట్టు గవదల నుంచి తోక దాకా ఉంది. దారం నీలం రంగుది. నైలాను. వలలు అల్లే దారం.

ఆమె శేషమ్మ చెయ్యి పట్టుకుని ఆ కుట్టు మీద పెట్టింది. శేషమ్మ వేలు మొదటి ముడి మీద ఆగింది, రెండో ముడి మీద ఆగింది. చివరిదాకా పోలేదు.

"ఇది నా కుట్టు కాదు," అంది.

తొమ్మిది ఆవుల్లో ఒకటి గట్టిగా ఊపిరి వదిలింది. అది కపిల. పాక చివర విడిగా కట్టి ఉంది.

"మామ్మగారూ, నేను తీసుకెళ్లిన ముక్క గురించి ఫోన్లో చెప్పారు. ఇది కపిల దూడ. రెండేళ్ల కింద పుట్టినది."

శేషమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. పైట చెంగుతో తుడుచుకుంది. 

"అది అంతర్వేదిలో ఉంది. అన్నయ్య తీసుకెళ్లేడు. అక్కణ్ణుంచి ఎవరొచ్చినా అడుగుతూనే ఉన్నాను, నుదుట చుక్క ఉన్న కోడెని చూసేరా అని. కిందటేడు రథం చూడ్డానికి వెళ్లిన బుచ్చిరాజుగారైతే చూసేనన్నారు. బలిసిందన్నారు."

వేదవతి దూడ నుదురు చూసింది. చుక్క ఉంది. రెండేళ్లుగా శేషమ్మ దాన్ని పొద్దున్నా సాయంత్రమూ మోసి దింపి మళ్లీ పైన పెడుతోంది.

తలుపు తెరుచుకుంది.

సూర్యనారాయణమూర్తి పంచె తడిసి కాళ్లకి అంటుకుని ఉంది. ఆయన లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో వాళ్లకి తెలియదు. ఆయన గౌరిని చూడలేదు, దూడని చూడలేదు. కపిలని చూశాడు.

"శేషూ, దాన్ని పైన పెట్టెయ్. కపిలకి ఇప్పుడు కనబడకూడదు."

శేషమ్మ లేవలేదు. నీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు. తాతగారి దూడకి ఎడమ చెవి చీలి ఉండేదని, తుఫాను తరవాత దణ్ణం పెట్టుకుంటుంటే రెండు చెవులూ బాగున్నాయని చెప్పాడు. అప్పుడే అర్థమైంది. అడిగితే చెల్లెలు నిజం చెబుతుంది. చెబితే పాలు ఆపాలి. అందుకని అడగలేదు.

"నువ్వు కుట్టినది కూడా చీకిపోయింది," అన్నాడు. "నీకు కనపడలేదు. అప్పటికి ముందు ఈతలో ఉన్న గౌరి పాలు తగ్గిపోతున్నాయి. కపిల దూడ వేన్‌లో, రాజోలు దాటేసరికి పోయింది. సముద్రం ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాయన దగ్గర దారం అడిగేను. తను కుడతానన్నాడు. ముట్టుకోనివ్వలేదు, నేనే కుట్టేను."

"దానికి జబ్బేంటి అన్నయ్యా? పొద్దున్న గంతులేసింది."

ఆయన ఆ ప్రశ్న విననట్టే వేదవతి వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, మీ పరీక్షలో మా వరస నిలిచిందా?"

నిలిచిందని ఆమె చెప్పింది. నర్మద మాట నిజమని చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని నమస్కారం చేశాడు. అప్పుడు రెండో సంగతి చెప్పింది. ఆంబోతు, కపిల తోబుట్టువులని, ఇలా తరతరాలుగా జరుగుతోందని, పుట్టినవి పోతున్నది అందుకేనని, బయటి ఆంబోతుని తెచ్చి తీరాలని చెప్పింది.

"బయటిది వస్తే అది మా ఆవు ఎలా అవుతుందమ్మా?"

"తల్లి వరసకి తండ్రితో పని లేదండీ. ఆంబోతు ఏదైనా, కపిల కూతురు కపిల వరసే. మీరు తలుపు వేసుకోనక్కర్లేదు. ఏనాడూ అక్కర్లేదు. పెయ్య పుట్టి బతికితే చాలు."

  ఘనపాఠి గడప మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. శేషమ్మ దూడని ఎత్తుకుని నిచ్చెన దగ్గరికి తడుముకుంటూ వెళుతుంటే, తొమ్మిది తలలూ దాని వెంట తిరిగాయి.

కపిల ముందుకాళ్లు మడిచి కింద పడుకుంది. ఉమ్మనీరు గడ్డి మీదికి వచ్చింది.

వేదవతి చేతులు కడుక్కుని వెనక్కి చేరింది. ముత్యాల్ని వేణ్ణీళ్లు తెమ్మని కేకేసింది, శేషమ్మని పాత బట్టలు అడిగింది. కాసేపటికి రెండు గిట్టలు కనిపించాయి, ముందుకాళ్లవే. దూడ సరిగ్గానే ఉంది. గిట్టల మధ్య ఆమె వేలు పెట్టి నొక్కింది. కాలు లోపలికి లాక్కుంది.

"బతికుంది," అంది.

 శేషమ్మ బట్టల కోసం ఇంట్లోకి వెళ్లింది. ముత్యాలు పొయ్యి దగ్గర ఉన్నాడు. వేదవతి తలెత్తి చూసింది. ఘనపాఠి ఎప్పుడు లేచాడో, ఎప్పుడు లోపలికి వచ్చాడో, కపిల తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఆవు నుదుటి మీద ఉంది. వేదంలోని ఏదో పనస చెబుతున్నాడు, స్వరం ఎక్కడా తప్పలేదు.

"పెయ్యేనామ్మా?" అని మధ్యలో అడిగాడు.

ఇంకా తెలియదంది. ఏదైనా సరే బతికించుకుందాం, రేపే వేరే ఆంబోతు సంగతి చూద్దాం అంది. ఆయన తల ఊపాడు. మళ్లీ పనస ఎత్తుకున్నాడు.

అప్పుడు ఆమె ఆయన కుడిచెయ్యి చూసింది. అందులో దబ్బనం ఉంది. నీలం దారం అప్పటికే ఎక్కించి ఉంది.